పన్ను పోయినంత పనైంది

కూకట్‌పల్లిలో మా అపార్ట్‌మెంట్‌కి నేను సెక్రటరీని. అంటే నీళ్ళు రానప్పుడు తిట్టడానికి 20 ఫ్లాట్ల వాళ్ళు కలిసి ఎన్నుకున్న మనిషిని. ఐదేళ్ళుగా సంపు, ట్యాంకు, మోటరు తప్ప నాకు వేరే లోకం లేదు. అందుకేనేమో, నాకొచ్చిన జబ్బు కూడా ప్లంబింగ్ రూపంలోనే వచ్చింది.

జనవరిలో నుమాయిష్‌కి వెళ్ళాం. నాంపల్లి మైదానం దుమ్మంతా పీల్చి, మా ఆవిడ కొన్న బెడ్‌షీట్లు మోసుకుని మెట్రోలో ఇల్లు చేరేసరికి జలుబు. ఐదో రోజుకి అది కాస్త సర్దుకుందిగానీ, పై వరసలో కుడివైపు దవడ పన్ను మొదలెట్టింది. అదీ విచిత్రంగా. కూర్చుంటే ఫర్వాలేదు. చెప్పుల కోసం వంగితే చాలు, చెంపలో ఎవరో సుత్తితో కొట్టినట్టుండేది. మెట్రో మెట్లు దిగుతుంటే ప్రతి మెట్టూ వచ్చి పంటికే తగిలేది.

మా అత్తగారు లవంగం పెట్టుకోమన్నారు. పెట్టుకున్నాను. పక్క ఫ్లాట్ బాబాయిగారు "పీకించెయ్యవోయ్, నేను నాలుగు పీకించాను, సుఖంగా ఉన్నాను" అన్నారు. ఆ 'సుఖంగా'లో ముప్పావు వంతు గాలే వచ్చింది. అయినా నమ్మాను. నొప్పిలో ఉన్నవాడు ఎవర్నైనా నమ్ముతాడు.

పంటి ఆసుపత్రి కుర్చీలో పడుకుని "పీకెయ్యండమ్మా" అన్నాను. ఆ డాక్టరమ్మకి మా అమ్మాయి ఈడుంటుంది. స్టీలు పుల్ల తీసుకుని పన్ను మీద టక్‌మని కొట్టింది. "అబ్బా!" పక్క పన్ను మీద కొట్టింది. "అబ్బా!" దాని పక్కది. అదీ అబ్బానే.

"మూడు పళ్ళు ఒకేసారి చెడిపోవు అంకుల్" అని ఎక్స్‌రే తీసింది. పళ్ళు నిక్షేపంలా ఉన్నాయట. ముక్కు డాక్టర్ దగ్గరికి వెళ్ళమంది. పన్ను నొప్పికి ముక్కేమిటి, మోకాలికీ బోడిగుండుకీ ముడి కాకపోతే! అంకుల్ అన్నందుకు ఇంకో రవ్వ నొప్పి ఎక్కువైంది.

ముక్కు డాక్టరుగారు పెద్దాయన. బల్ల మీద నిలువునా కోసిన ప్లాస్టిక్ తలకాయ ఉంది. ముక్కు చుట్టూ ఎముకల్లో నాలుగు జతల గాలి గదులుంటాయని, వాటినే సైనస్‌లంటారని చూపించారు. నుదుట్లో ఒక జత, కళ్ళ మధ్య తేనెపట్టులా ఒక జత, బాగా లోపల పుర్రె నడిమధ్య ఒక జత. అన్నిటికంటే పెద్దవి చెంపల్లో. ఒక్కోటి సుమారు 15 మిల్లీలీటర్లు, అంటే మూడు టీస్పూన్లు పడుతుంది. ఈ చెంప గది నేల కిందే పైవరస దవడ పళ్ళ మూలాలుంటాయి. మధ్యలో పలచటి ఎముక, అంతే. పై ఫ్లాట్‌లో నీళ్ళు నిలిస్తే కింది ఫ్లాటు వాళ్ళు గోల పెట్టడం నాకు తెలియని సంగతా!

"మరి నీళ్ళు బయటికి పోయే దారేదండీ?" అన్నాను.

ముక్కు వైపు గోడకి చిన్న కన్నం చూపించారు. పైన. దాదాపు కప్పు దగ్గర!

నా రక్తం మరిగింది. ఔట్‌లెట్ పైన పెట్టిన ట్యాంకుని నా సర్వీసులో చూడలేదు. ఆ తర్వాత ఆయన సిలియా అనే సన్నటి నూగు చీమిడిని ఆ కన్నం వైపు తోస్తూ ఉంటుందని, జలుబు చేస్తే అది మందగించి కన్నం వాచిపోతుందని ఏదో చెప్పారుగానీ, నేను ఔట్‌లెట్ దగ్గరే ఆగిపోయాను.

పన్ను పీకించుకోబోయానంటే నవ్వి ఓ కథ చెప్పారు. నథానియల్ హైమోర్ అనే ఇంగ్లండ్ డాక్టరు 1651లో రాశాడట. ఒకావిడ పన్ను పీకించుకుంటే ఆ గుంటలోంచి అదేపనిగా నీరు కారేది. లోపలేముందోనని ఆవిడ ఓ ఈక దూర్చింది. అది పోతూనే ఉంది. మెదడు దాకా పోయిందని హడలిపోయింది పాపం. తీరా చూస్తే ఈక చెంప గదిలోనే చుట్టచుట్టుకుంది. ఆ గదికి ఇప్పటికీ హైమోర్ పేరుంది. ఈక దూర్చినావిడ పేరు మాత్రం ఎవరూ పెట్టలేదు.

యాంటీబయాటిక్ రాయమంటే, "చాలావరకు ఇది వైరస్ పనే, దానంతటదే తగ్గుతుంది. పది రోజులు దాటినా తగ్గకపోతే రండి" అని ఉప్పునీళ్ళతో ముక్కు కడుక్కోమని, ఓ స్ప్రే రాసి పంపించారు.

సాయంత్రం సంపు దగ్గర మా ప్లంబర్‌తో గోడు వెళ్ళబోసుకున్నాను. శ్రద్ధగా విని, "ఎవరు సార్ బిల్డరు?" అన్నాడు.

"దేవుడు."

కాసేపు ఆలోచించాడు. "గట్లయితే అది ట్యాంకు కాదు సార్, సంపు. సంపుకు పైపు పైనుంచే తీస్తరు. బిల్డరు తప్పేం లేదు. మీ మోటరే నడుస్తలేదు."

సిలియా సంగతి నాకప్పుడు బుర్రకెక్కింది. ఫీజు ఆయనకిచ్చి, పాఠం ఇతని దగ్గర నేర్చుకున్నాను.

ఆదివారం సెల్లార్‌లో మీటింగ్. అజెండా, సంపుకి కొత్త మోటరు. ప్లంబర్ ఇంకు పెన్నుతో రాసిచ్చిన కొటేషన్ చేతిలో పట్టుకుని, ఒక్క చుక్క కూడా లీక్ కాకూడదని నేను ఉపన్యాసం దంచుతుండగా పెన్ను జారి కుర్చీ కిందికి దొర్లింది. వంగి, తల ఎడమకి తిప్పి చెయ్యి చాపాను. చెంపలో ఏదో కదిలింది. అంతే, వారం రోజుల సరుకు ధారగా వచ్చి కొటేషన్ మీద పడింది.

లేచేసరికి సెల్లారంతా నిశ్శబ్దం. 28,500లో చివరి రెండు సున్నాలూ కొట్టుకుపోయాయి. 502 ఆయన మెడ చాచి చూసి, "285 అయితే నాకు ఓకే" అన్నాడు.

ప్లంబర్ తన మెడలోని తువ్వాలు నాకందిస్తూ మెల్లగా అన్నాడు.

"మోటరు చాలూ అయింది సార్."