ఆచంద్రతారార్కం ఒక బిల్డ్

పూర్వం రాజులు అగ్రహారాలు దానమిచ్చేటప్పుడు, అవి ఆచంద్రతారార్కం చెల్లాలని శాసనాల్లో చెక్కించేవారు. అంతటి ఉదారత ఈ రోజుల్లో, రాసిన కోడ్ నుంచి నడిచే ప్రోగ్రామును దానంతటదే తయారుచేసి దాచే జెంకిన్స్ సర్వర్ నడిపేవారి దగ్గర మాత్రమే మిగిలి ఉంది. అలా తయారైన ఒక్కో ప్రతినీ బిల్డ్ అంటారు. ఫలానా బిల్డ్‌ను ఎన్నటికీ తీయవద్దని చెప్పే బటన్ అందులో ఒకటుంటుంది. దాన్ని నొక్కినవాడు ఉద్యోగం మారి బెంగళూరు వెళ్లిపోయినా ఆ దానం చెల్లుతూనే ఉంటుంది. నిజానికి ఆ బటన్ అవసరం కూడా అంతగా లేదు. పాతవాటిని తీసేయమని సెట్టింగుల్లో ఎవరూ చెప్పకపోతే, జెంకిన్స్ దేన్నీ తీయదు.

ఈ సంప్రదాయాన్ని దుబారా అనే అడ్మిన్లు లేకపోలేదు. వారి లెక్క ప్రకారం, 180 ఎంబీల వార్ ఫైలు (జావా వెబ్ ప్రోగ్రామును, అది వాడుకునే రెడీమేడ్ కోడ్ లైబ్రరీలతో సహా కట్టిన మూట) పుట్టించే ప్రాజెక్టు రోజుకు 20 సార్లు బిల్డ్ అయితే 3.6 జీబీలు ఖర్చవుతాయి కాబట్టి, సంక్రాంతికి వేసిన 500 జీబీల కొత్త డిస్క్ రోహిణి కార్తె దాటకముందే నిండిపోతుంది. లెక్క తప్పని నేననను. కానీ 1846వ బిల్డ్‌కూ 1847వ బిల్డ్‌కూ తేడా ఒక లాగ్ (ప్రోగ్రాము తన పనుల గురించి రాసుకునే చిట్టా) సందేశంలోని కామా మాత్రమే అయినప్పుడు, ఆ కామా కోసం అవే లైబ్రరీలను మళ్లీ మొత్తంగా దాచిపెట్టడంలో ఉన్న నిష్ఠను వారు గుర్తించడం లేదు. ఇదే పని చేసే గిట్‌హబ్ యాక్షన్స్ చూడండి, మనం వేరే గడువు పెట్టకపోతే దాచిన ఫైళ్లను 90 రోజులకే చెరిపేస్తుంది. ఏడాది మాసికాలైనా పూర్తి కానివ్వదు.

డిస్క్ సరిగ్గా రిలీజ్ రోజు రాత్రి పదకొండు గంటలకే నిండుతుంది. "నో స్పేస్ లెఫ్ట్ ఆన్ డివైస్" అన్న వాక్యం తెర మీదికి రాగానే, ఎవరో కంగారుపడి 40 జీబీల లాగ్ ఫైలును తీసేస్తారు. అయినా డిస్క్ ఎంత నిండిందో చెప్పే డీఎఫ్ కమాండ్ నూరు శాతమనే చూపిస్తుంది, ఎందుకంటే ఆ ఫైలును తెరిచి ఉంచిన ప్రాసెస్ (నడుస్తున్న ప్రోగ్రాము) ఇల్లు ఖాళీ చేసి తాళంచెవి ఇవ్వని అద్దెదారులాంటిది. దాన్ని ఆపేదాకా చోటు తిరిగి రాదు. బిల్డ్ ఫైళ్లకు గిడ్డంగిలాంటి నెక్సస్‌లో తీసేసినవి కూడా, చోటు ఖాళీ చేసే కాంపాక్ట్ టాస్క్ నడిచేవరకు డిస్క్ మీదే కూర్చుంటాయి. సాఫ్ట్‌వేర్‌కు సైతం పోయినవారిని వెంటనే పంపించేయడానికి మనసొప్పదన్నమాట.

మర్నాడు నలభై మందికి మెయిల్ వెళుతుంది: "ఈ ఫోల్డర్ ఎవరికైనా కావాలా?" ముప్పై తొమ్మిది మంది మౌనం వహిస్తారు. మిగిలిన ఒక్కరు, ఆడిట్‌కు అడుగుతారేమో, ఎందుకైనా మంచిది ఉంచండి అంటారు. దాంతో ఫోల్డర్ పేరు 'ఓల్డ్' అవుతుంది, తర్వాతి ఏడు అదే 'ఓల్డ్_ఓల్డ్_డోంట్_డిలీట్' అవుతుంది. ఉంచినవాణ్ణి ఎవరూ ఏమీ అడగరు, తీసినవాణ్ణి మాత్రం పదేళ్లయినా అడుగుతారు. ఈ సూక్ష్మం తెలిసినవాడే మేనేజరవుతాడు.

బిల్డ్ చరిత్రను ఉంచి, దానితో దాచిన ఫైళ్లను మాత్రం చివరి పదింటికి పరిమితం చేసే సదుపాయం జెంకిన్స్‌లోనే ఉందని, క్లయింటుకు వెళ్లినవాటిని విడిగా భద్రపరిస్తే చాలని మొన్న ఒక కుర్రవాడు మీటింగులో అన్నాడు. వినడానికి బాగానే ఉంది. అయితే క్లయింటుకు వెళ్లినవి ఏవో ఎవరికైనా తెలిస్తే కదా! ఏది ముఖ్యమో రాసిపెట్టుకునే ఓపిక లేకనే మేము అన్నిటినీ ముఖ్యమైనవిగా ప్రకటించాము.

అయినా కుర్రవాడు మొండివాడు కాబట్టి, ప్రొడక్షన్‌లో, అంటే క్లయింటు వాడే సర్వర్‌లో నడుస్తున్న ఫైలు చెక్‌సమ్ (ఫైలుకు వేలిముద్రలాంటి సంఖ్య) తీసి, దాచిన బిల్డ్‌లన్నిటితో రెండు రోజులపాటు సరిపోల్చాడు. ఒక్కదానితోనూ కలవలేదు. ఆ ఫైలును ఎవరో పండుగ సెలవుల్లో తన ల్యాప్‌టాప్‌లో బిల్డ్ చేసి నేరుగా ఎక్కించారట. ఆ ల్యాప్‌టాప్ ఇప్పుడు ఎక్కడుందో ఐటీ విభాగం వెతుకుతోంది. ఈలోగా ఎందుకైనా మంచిదని 2 టీబీల డిస్క్‌కు ఆర్డరు పెట్టారు.