మీ బీరువాలోని కాగితం ఆమె ఎందుకు తేవాలి?

మా వీధిలో ఒక కానిస్టేబుల్ కుటుంబం ఉంది. ఉంది అంటే, ఇప్పుడు భార్య, ఇద్దరు పిల్లలు. జాతర బందోబస్తు ముగించుకుని అర్ధరాత్రి బైకు మీద ఇంటికి వస్తుంటే లారీ గుద్దేసింది. రెండేళ్లు దాటింది. ఎక్స్‌గ్రేషియా ఫైలు ఇంకా "పరిశీలనలో" ఉంది.

ఆమెకు తోడుగా నేనూ నాలుగుసార్లు ఆఫీసు మెట్లెక్కాను కాబట్టే ఈ కడుపుమంట. అడిగిన కాగితాలు చూడండి: ఎఫ్‌ఐఆర్, శవ పంచనామా, పోస్టుమార్టం నివేదిక, ఆ రోజు డ్యూటీ వేసినట్టు జనరల్ డైరీ, అంటే స్టేషన్ రోజువారీ చిట్టా, నకలు. పోస్టుమార్టం తప్ప అన్నీ పోలీసులు రాసినవే. అదీ ఆసుపత్రి నుంచి స్టేషన్‌కే చేరుతుంది. తమ బీరువాలోని కాగితానికి నకలు తీయించి, గెజిటెడ్ సంతకం పెట్టించి, తమకే తెచ్చివ్వమని భర్త పోయిన మనిషిని తిప్పుతారా?

అన్నీ ఇచ్చాక కొర్రీ. సర్వీసు రిజిస్టరులో ఆమె పేరు "వెంకటలక్ష్మి", ఆధార్‌లో "వెంకట లక్ష్మి". ఇద్దరూ ఒకరేనని తహసీల్దారు నుంచి పత్రం తెమ్మన్నారు. రెండు ముక్కల మధ్య ఆ ఖాళీ పూడ్చడానికి ఐదు నెలలు పట్టింది. తర్వాత ఇంకో కొర్రీ: బందోబస్తు అయిపోయాక పోయాడు కనుక అది విధి నిర్వహణలో మరణమేనా? అర్ధరాత్రి ఆ రోడ్డు మీదికి షికారుకు వెళ్లాడనుకున్నారేమో.

హోంగార్డయితే ఇంకా అన్యాయం. అదే ఎండ, అదే లాఠీ. లెక్కల్లో మాత్రం రోజువారీ భత్యం మీద పనిచేసే స్వచ్ఛంద సేవకుడు.

కారుణ్య నియామకం, అంటే పోయిన ఉద్యోగి ఇంట్లో ఒకరికి ఇచ్చే ఉద్యోగం, దాని సంగతి సరేసరి. అది హక్కు కాదని, కుటుంబాన్ని అప్పటి గండం నుంచి గట్టెక్కించడానికేనని సుప్రీంకోర్టు 1994లో ఉమేష్ కుమార్ నాగ్‌పాల్ కేసులో చెప్పింది. దానితో నాకు పేచీ లేదు. 2023లో పశ్చిమ బెంగాల్ మునిసిపల్ ఉద్యోగుల కేసులో, ఏళ్లు గడిస్తే ఆ అవసరమే మిగలదంటూనే, ఇలాంటి దరఖాస్తులను జాప్యం లేకుండా తేల్చాలని అధికారులకూ చెప్పింది. మన ఆఫీసులకు మొదటి సగమే గుర్తుంటుంది. నానబెట్టేదీ వాళ్లే, "ఇన్నాళ్లూ బతికారు కదమ్మా" అనేదీ వాళ్లే.

1959 అక్టోబర్ 21న లద్దాఖ్‌లోని హాట్ స్ప్రింగ్స్ దగ్గర చైనా సైనికుల కాల్పుల్లో పది మంది పోలీసులు నేలకొరిగారు. ఏటా ఆ రోజు సంస్మరణ పరేడ్ జరుగుతుంది. ఆహ్వానపత్రిక ఆమెకూ వచ్చింది. అందులో ఆయన అమరుడే. పైన "వెంకటలక్ష్మి గారికి" అని కలిపి రాశారు. ఆ కవరు పంపేటప్పుడు మాత్రం ఇద్దరూ ఒకరేనా అని ఎవరికీ సందేహం రాలేదు.