లగ్నపత్రికలో నల్లచుక్కలు

2024 నవంబరులో మా మేనకోడలి బడికి జాతీయ ప్రమాణాల భయం పట్టుకుంది. డిసెంబరు 4న ‘పరఖ్’ సర్వే. దేశవ్యాప్తంగా 3, 6, 9 తరగతుల పిల్లలకు ఏం వచ్చో, ఏం రాదో చూస్తారు. మా పిల్ల ఆరో తరగతి. ఇది కొన్ని బళ్లను మాత్రమే ఎంచి చేసే సర్వే. పిల్లలకు ఇందులో పాసూ లేదు, ఫెయిలూ లేదు. ఆ ముక్క చెబితే ఎక్కడ టెన్షన్ తగ్గిపోతుందోనని కాబోలు, బడిలో ఎవరూ చెప్పలేదు.

భయపడటంలో తప్పులేదు లెండి. ప్రథమ్ సంస్థ ‘అసర్’ పేరుతో 2005 నుంచి పల్లెల్లో ఇంటింటికీ వెళ్లి పిల్లల చేత చదివిస్తోంది. 2022లో మూడో తరగతి పిల్లల్లో రెండో తరగతి పాఠం చదవగలిగినవాళ్లు నూటికి ఇరవై మంది చిల్లర. అంతకుముందు 2009 నాటి ‘పీసా’ అంతర్జాతీయ పరీక్షలో తమిళనాడు, హిమాచల్ ప్రదేశ్ పాల్గొని అట్టడుగున తేలాయి. ప్రశ్నలు మన పరిస్థితులకు తగ్గట్టు లేవన్నారు పెద్దలు. పరీక్ష పోయినప్పుడల్లా మా ఇంట్లో వినిపించే మాటే అది.

సరే, బడివాళ్లు రంగంలోకి దిగారు. చదివించడానికి టైం లేదు కాబట్టి జవాబు గుర్తించే గుండ్రటి బుడగలను ఇంకుతో దిద్దించడం మొదలుపెట్టారు. రోజూ వంద బుడగలు హోంవర్కు. జిరాక్స్ చేసిన ఓఎంఆర్ షీట్లు, అంటే ఆ బుడగల జవాబుపత్రాలు, వారంలో అయిపోయాయి. “గుండ్రంగా ఏది కనిపిస్తే దాని మీద ప్రాక్టీస్ చెయ్యండి” అన్నారట టీచరు గారు.

తెలుగులో గుండ్రనివి తక్కువా!

మా బావ చెల్లెలి పెళ్లికి లగ్నపత్రిక రాయించి పూజగదిలో పెట్టారు. మర్నాడు వియ్యాలవారి ముందు పురోహితుడు గారు దాన్ని విప్పి, “శ్రీరస్తు” అని ఆగిపోయారు. వరసకొక్క సున్నా చొప్పున నిండా నల్లటి ఇంకు.

“ఎవరో చేతబడి చేశారు!” అత్తయ్యగారు కుర్చీలో కూలబడ్డారు. బావ నిమ్మకాయల కోసం వంటింట్లోకి పరిగెత్తాడు. మగపెళ్లివారి పెద్దాయన చెప్పులు ఎక్కడున్నాయో చూసుకున్నాడు.

మేనకోడలు తాపీగా వచ్చి నిలబడింది. “నేనే దిద్దాను తాతయ్యా. బయటికి పోకుండా చూడండి ఎంత నీట్‌గా ఉందో.”

“మరి వరసకి ఒక్కటే ఎందుకమ్మా?”

“రెండు దిద్దితే ఆ ప్రశ్న చెల్లదు.”

ముహూర్తం 10-05 అని ఉన్నచోట కూడా ఒక్క సున్నానే నింపింది. నిజం చెప్పొద్దూ, ఆ క్రమశిక్షణ చూసి నాకు ముచ్చటేసింది.

పురోహితుడు గారు ఊపిరి పీల్చుకుని, పిల్లను దగ్గర కూర్చోబెట్టుకున్నారు. “ఏదీ, ముహూర్తం ఎప్పుడో చదివి చెప్పు తల్లీ.”

పిల్ల పత్రిక వంక చూసింది, ఆయన వంక చూసింది. “ఆప్షన్లు?”

ఆయనా సరదా మనిషే. “ఉదయం, మధ్యాహ్నం, రాత్రి...” అంటూ వేళ్లు మడిచారు.

“నాలుగోది?”

“పైవేవీ కావు.”

“అయితే అదే! మా టీచరు గారు తెలియకపోతే నాలుగోది పెట్టమన్నారు.”

మగపెళ్లివారి పెద్దాయన ఈసారి చెప్పులు తొడిగేసుకున్నాడు. ఆయన్ని మళ్లీ లోపలికి తెచ్చి కూర్చోబెట్టేసరికి మా బావకు చుక్కలు కనిపించాయి. పత్రిక తిరగరాయించారు.

డిసెంబరు 4 వచ్చింది, వెళ్లింది. సర్వేకి ఎంచిన బళ్లలో వాళ్లది లేదు.