స్లర్రీని నేరుగా పోస్తే నాచు నిలవదు
బయోగ్యాస్ ప్లాంటు స్లర్రీని, అంటే గ్యాస్ తయారయ్యాక మిగిలే చిక్కటి ద్రవాన్ని, నాచు పెంచే తొట్టిలో పోస్తే చాలు, మిగతాది బ్యాక్టీరియా, సూక్ష్మనాచు (కంటికి విడిగా కనబడనంత చిన్న నాచు) కలిసి చూసుకుంటాయని ఒక వ్యాసంలో రాశారు. కలిసి పెరుగుతాయన్నది నిజమే, బ్యాక్టీరియా వదిలిన కార్బన్ డయాక్సైడ్ నాచుకి, నాచు వదిలిన ఆక్సిజన్ బ్యాక్టీరియాకి. తేడా కొట్టేది ‘పోస్తే చాలు’ దగ్గరే. స్లర్రీలో అమ్మోనియం నత్రజని లీటరుకు 1000 మిల్లీగ్రాములు దాటడం మామూలే. ఎండలో నాచు కార్బన్ డయాక్సైడ్ లాగేసుకునేకొద్దీ నీళ్ల పీహెచ్ (క్షారగుణం) పెరుగుతుంది, అలా పెరిగేకొద్దీ అమ్మోనియం అమ్మోనియాగా మారుతుంది. 25 డిగ్రీల దగ్గర, పీహెచ్ 8 ఉన్నప్పుడు ఆ నత్రజనిలో నాచుకి విషంగా పనిచేసే అమ్మోనియా వాటా 5 శాతం చుట్టూ ఉంటే, 9కి చేరేసరికి మూడో వంతు దాటుతుంది. పొద్దున పచ్చగా ఉన్న తొట్టి సాయంత్రానికి పాలిపోతే ముందు అనుమానించాల్సింది దీన్నే. స్లర్రీని పలచటి గుడ్డలో వడకట్టి, 10 నుంచి 20 రెట్లు నీళ్లు కలిపి, 20–30 సెంటీమీటర్ల లోతులోనే మొదలుపెట్టాలి; ఆ నల్లటి నీళ్లలో వెలుతురు అంతకన్నా కిందికి దిగదు. క్లోరెల్లా, సెనెడెస్మస్ అనే నాచు రకాలైతే తట్టుకుంటాయి. పీహెచ్ దించడానికి, కార్బన్ డయాక్సైడ్ కలిసి ఉండే బయోగ్యాస్‌నే బుడగలుగా వదలొచ్చు కదా అంటారు కొందరు. తెరిచిన తొట్టిలో అయితే అందులోని మండే వాయువు మీథేన్ గాలిపాలు, మూసిన గొట్టాల్లో నాచు వదిలే ఆక్సిజన్‌తో కలిసి పేలే ప్రమాదం. కార్బన్ డయాక్సైడ్‌ను విడదీశాకే వాడాలి. ఇంకోటి, తొట్టిలోకి పంపుతో గాలి గట్టిగా కొడితే అమ్మోనియా ఎగిరిపోతుంది. నీళ్లలో నత్రజని తగ్గింది కదా అని దాన్ని నాచు ఖాతాలో రాసేయకండి, ఆరబెట్టిన నాచులో ఎంతుందో కొలిచి చూడండి.