వంద మార్కుల స్కేలు గారికి, ఏడో నంబరు సీసా తరఫున

మహారాజశ్రీ వంద మార్కుల స్కేలు గారికి నమస్కరించి రాయునది.

ఉభయకుశలోపరి అని మొదలుపెడదామంటే, నా కుశలం నిన్న శనివారం మధ్యాహ్నం లండన్‌లో ఒక మేడమీద గదిలో పోయింది. వైన్ రుచి చూసి తమరి లెక్కన నూటికి ఇన్నని మార్కులు వేసే క్లాసు అది. పన్నెండు లెబనాన్ రెడ్ వైన్లు. సీసాలకు వంటింటి ఫాయిల్ చుట్టి, పైన నంబర్లు అంటించారు. పదో తరగతి పేపర్లు దిద్దేటప్పుడు పిల్లవాడి పేరు కనపడకుండా కోడ్ వేసినట్టన్నమాట. ఎంత న్యాయం అనుకున్నాను.

ముందుగా తమరి ఉదారత ఒప్పుకోవాలి. మా దగ్గర 35 వస్తే పాస్. తమరి దగ్గర సున్నా అన్నదే లేదు, లెక్క 50 నుంచి మొదలు. సీసాలో ఏదో ఒకటి ఉంటే చాలు, సగం మార్కులు జేబులో పడ్డట్టే. అయినా 80 వచ్చిన వైన్ ఆ సంగతి బయట చెప్పుకోదు!

తమరి వాసనల పట్టిక జోలికి ఎక్కువ పోను. అందులో కాసిస్ (బ్లాక్‌కరెంట్ పండు) ఉంది, పెన్సిల్ చెక్కిన పొట్టు ఉంది, రేగుపండు లేదు. ఐదో నంబరులో నాకు రేగొడియం వాసన వచ్చిందంటే పక్కాయన జాలిగా చూశాడు. (ఆయన కాసిస్ ఎప్పుడూ తినలేదట. అడిగాను.) సెడార్ (దేవదారు) చెక్క వాసన మాత్రం అందరికీ అన్ని గ్లాసుల్లోనూ వచ్చింది. దేశం జెండా మీద ఆ చెట్టే ఉంటే వాసన రాక చస్తుందా?

ఇక ఏడో నంబరు.

ముక్కు దగ్గర పెట్టగానే నెయిల్ పాలిష్. కాదనను. రంగు పలచన, అంచున ఇటుక ఛాయ. పక్కన పెట్టి ఎనిమిదీ తొమ్మిదీ చూసి, ఇరవై నిమిషాల తర్వాత మళ్ళీ దాని దగ్గరికొచ్చాను. నెయిల్ పాలిష్ కాస్త వెనక్కి జరిగింది. ఎండు ఖర్జూరం, పాత తోలు, పులుపు మీద తేలే తీపి. జెస్యూట్ ఫాదర్లు అల్జీరియా నుంచి లెబనాన్‌లోని బెకా లోయకు తెచ్చిన సాన్సో ద్రాక్ష ఇందులో ఉంటుందనుకుని, ధైర్యంగా 94 వేశాను.

క్లాసు నడిపే పెద్దమనిషి నా కాగితంలోకి తొంగి చూశాడు. "వోలటైల్ ఆసిడ్ ఎక్కువ. ఇది దోషం. 83 దాటకూడదు" అన్నాడు. (వెనిగర్‌లా ముక్కుకు తగిలే పులుపన్నమాట, ఆ నెయిల్ పాలిష్ దాని బాపతే.) గదిలో అందరూ తలూపారు. నేనూ ఊపాను. 94 కొట్టేసి 83 వేశాను.

తర్వాత ఫాయిల్ విప్పారు. గొప్ప పేరున్న సీసా. (పేరు చెప్పను, పాపం దాని తప్పేం లేదు.) ధర వినగానే ఎదురుగా కూర్చున్నావిడ గ్లాసును రెండు చేతులతో పట్టుకుంది. అదే వైన్, అదే గ్లాసు, అదే నెయిల్ పాలిష్. "ఇదే దీని వ్యక్తిత్వం" అన్నాడు అదే పెద్దమనిషి. పెన్నులు మళ్ళీ బయటికొచ్చాయి. గదిలో ఉన్న 83లన్నీ లేచి 94 కుర్చీలో కూర్చున్నాయి.

ఏమయ్యా, కప్పి ఉంచితే దోషం, విప్పితే వ్యక్తిత్వమా? పదో తరగతి పేపరు ఇలా దిద్దితే సస్పెండ్ చేసి ఇంటికి పంపేవాళ్ళు. నువ్వు స్కేలువా, లేబుల్‌కి పీఏవా?

ఒక్క సంగతి విను. లెబనాన్‌లో షాతో ముసార్ అని వైన్ చేసే సంస్థ ఉంది. వాళ్ళ ద్రాక్ష వెయ్యి మీటర్ల ఎత్తున బెకాలో పండుతుంది. దాన్ని వైన్ చేసే వైనరీ కొండకు ఇవతల గజీర్‌లో. ఆ రోజుల్లో మధ్యలో అంతర్యుద్ధం. 1976లో అసలు వైనే లేదు. 1984లో లారీలు చేరేసరికి ద్రాక్ష దారిలోనే పులవడం మొదలైంది. అప్పట్లో అక్కడ వైన్ చేసిన సెర్జ్ హోషార్‌ను డికాంటర్ అనే వైన్ పత్రిక 'మ్యాన్ ఆఫ్ ది ఇయర్' అన్నది కూడా 1984లోనే. ఆ లారీలో పులిసిన ద్రాక్షకు నువ్వెన్ని వేస్తావు? ఆ 50 ఎలాగూ వేస్తావులే, మిగతావి చెప్పు.

ఏడో నంబరు అడుగున కొంచెం మిగిలితే ఖాళీ నీళ్ళసీసాలో పోయించుకుని ఇంటికి తెచ్చుకున్నాను. ఇవాళ గుత్తి వంకాయతో తాగాను. నెయిల్ పాలిష్ దాదాపు పోయింది. రేగొడియం వచ్చింది. జీలకర్రతో సహా.

ఇట్లు,
94 కొట్టేసి 83, ఫాయిల్ విప్పాక 83 కొట్టేసి మళ్ళీ 94 వేసినవాడు