రాత్రి వేలిముద్రకు లెక్కేది?

రాత్రి తొమ్మిదిన్నర. హన్మకొండ చౌరస్తా దగ్గర ఒక పెద్ద బట్టల షోరూమ్ షట్టర్ సగం దిగింది. సగం అంటే బయటివాళ్లు ఇక లోపలికి రావద్దని. లోపలున్న పనివాళ్లు ఇంటికి పోవచ్చని కాదు. చీరల సెక్షన్‌లో ఇద్దరు అమ్మాయిలు ఇంకా నిలబడే ఉన్నారు. ముందున్న బల్ల మీద విప్పేసిన చీరలు గుట్టగా పడి ఉన్నాయి. వచ్చిన కుటుంబం గంటన్నర చూసి, ఒక్కటీ తీసుకోకుండా "మళ్లొస్తం" అని వెళ్లింది. ఇప్పుడు ఆ చీరలన్నీ పాత మడత మీదే మడత పడేలా మడవాలి. అంచు పైకి రావాలి, కొంగు కనపడాలి. కవర్లో పెట్టి, రంగు చూసి, ర్యాక్‌లో సర్దాలి. చీరకు రెండు నిమిషాలు వేసుకున్నా ముప్పై చీరలకు గంట. ఇద్దరున్నారు గనుక అరగంట.

ఆ ఇద్దరిలో ఒకమ్మాయిది పరకాల వైపు పల్లె. చేతులు మడతేస్తుంటే కళ్లు గోడ గడియారం మీదున్నాయి. "అన్నా, బస్సు పోతది" అంటే, సూపర్‌వైజర్ తల ఎత్తకుండానే "అయిపోయింది కదా చెల్లె, అయిదు నిమిషాలు" అంటాడు. అతను చెడ్డవాడేం కాదు. అతనూ పొద్దుటి నుంచి నిలబడే ఉన్నాడు.

ఇదే అమ్మాయి పొద్దున పది దాటి పది నిమిషాలకు వస్తే ఏమయ్యేది? హాజరు మిషన్ మీద వేలు పెట్టగానే ఆ పది నిమిషాలు పట్టేసేది. ఇలా మూడుసార్లయితే సగం రోజు జీతం కోత అనే పద్ధతి మన దగ్గర చాలా దుకాణాల్లో ఉన్నదే. రాత్రి పోయేటప్పుడూ అదే మిషన్, అదే వేలు. ఆ టైమూ అందులో పడుతుంది. కానీ నెలాఖరున జీతం లెక్క కట్టేవాళ్లు పొద్దుటి వేలిముద్రనే చూస్తారు. గంటలు లెక్కపెట్టే ఉద్యోగమని దీన్ని అంటారు గానీ, ఆ లెక్క ఒక్కవైపే నడుస్తుంది. మా అభ్యంతరమంతా ఇక్కడే.

వరంగల్, హన్మకొండ, కాజీపేట కలిసిన ట్రైసిటీలో, కరీంనగర్ టవర్ సర్కిల్ చుట్టుపక్కల, మంచిర్యాల, జగిత్యాల లాంటి ఊళ్లలో గడిచిన పదిహేనేళ్లలో దుకాణం రూపే మారింది. అద్దాల భవనాలొచ్చాయి, లిఫ్టులొచ్చాయి, ఏసీలొచ్చాయి. సూపర్ మార్కెట్లు, చెప్పుల షాపులు, మొబైల్ షోరూమ్‌లు, బంగారం దుకాణాలు వీధి వీధికీ వచ్చాయి. ఇంటర్ చదివి ఆపేసిన పిల్లలకు, డిగ్రీ పాసై ఉద్యోగ నోటిఫికేషన్ల కోసం చూస్తున్నవాళ్లకు, భర్త సంపాదన చాలని ఇల్లాళ్లకు సులువుగా దొరికే పని ఇదే. 2023 డిసెంబర్ 9న మహాలక్ష్మి పథకం మొదలై ఆర్టీసీలో ఆడవాళ్లకు జీరో టికెట్ వచ్చాక, వర్ధన్నపేట, నర్సంపేట, ధర్మసాగర్ వైపు నుంచి రోజూ వచ్చిపోవడం ఇంకా తేలికైంది. ఇదివరకు బస్సు చార్జీలకే జీతంలో పెద్ద ముక్క పోయేది. ఆ మేరకు ఇది మంచి మార్పే. కాకపోతే టికెట్టు ఉచితమైనంత మాత్రాన చివరి బస్సు ఆగి ఎదురుచూడదు. బస్సు తప్పితే ఆటోకు ఇచ్చేది ఆ రోజు కూలిలో సగం.

లెక్క ఒకసారి వేసి చూద్దాం. నెలకు 12,000 రూపాయల జీతం అనుకుందాం. నెలకు 26 రోజులు, చట్టం చెప్పినట్టు రోజుకు 8 గంటలు అయితే 208 గంటలు. గంటకు దాదాపు 58 రూపాయలు పడుతుంది. అదే మనిషి పొద్దున పదింటికి వచ్చి రాత్రి తొమ్మిదిన్నరకు పోతే, భోజనానికి గంట తీసేసినా రోజుకు పదిన్నర గంటలు, నెలకు 273 గంటలు. అప్పుడు గంట విలువ 44 రూపాయలకు పడిపోతుంది. జీతం చీటీలో అంకె మారలేదు, మనిషి రేటు తగ్గింది. పైన చేసిన 65 గంటలకు చట్ట ప్రకారం రెట్టింపు కట్టి ఉంటే ఎంతో తెలుసా? 7,500 రూపాయలు. ఒక నెలకు. అంత డబ్బు ఎవరి దగ్గర ఉండిపోతోందో వేరే చెప్పక్కర్లేదు.

చట్టం లేక కాదు. 1988 నాటి దుకాణాలు, సంస్థల చట్టం మన రాష్ట్రంలోనూ నడుస్తోంది. రోజుకు 8 గంటలు, వారానికి 48 గంటలు, వారానికో సెలవు, అదనపు పనికి రెట్టింపు కూలి అని అందులో రాసే ఉంది. 2023 ఏప్రిల్‌లో దుకాణాలు 24 గంటలూ తెరుచుకోవచ్చని ప్రభుత్వం ఉత్తర్వు ఇచ్చినప్పుడు కూడా వారాంతపు సెలవు, పని గంటల పరిమితి, ఓవర్‌టైం కూలి, రాత్రి పనిచేసే మహిళల అంగీకారం, వాళ్లకు రవాణా అని షరతులు పెట్టింది. 2025 జులైలో రోజుకు 10 గంటల దాకా పని చేయించుకోవచ్చని మరో ఉత్తర్వు వచ్చింది. కొందరు యజమానులు ఇప్పుడు దాన్ని చూపిస్తున్నారు. అది దుకాణాలకు వర్తించదు. వర్తించే సంస్థల్లోనూ వారానికి 48 గంటలు దాటితే ఓవర్‌టైం ఇవ్వాల్సిందే. 2025 నవంబర్ 21 నుంచి అమల్లోకి వచ్చిన కొత్త వేతన కోడ్‌లోనూ అదనపు గంటలకు రెట్టింపు కంటే తక్కువ ఇవ్వరాదనే ఉంది. పాత చట్టమైనా, కొత్త కోడ్ అయినా ఈ ఒక్క విషయంలో మాట మార్చలేదు. షోరూమ్‌లోకి వచ్చేసరికే మాట మారుతోంది.

ఇక కాళ్ల సంగతి. ఈ పని చేసిన ఎవర్ని కదిలించినా ముందు జీతం గురించి చెప్పరు, పిక్కల గురించి చెబుతారు. మొదటి నెల మడమలు మండుతాయి. రెండో నెల అలవాటైనట్టే ఉంటుంది. రెండేళ్లకు పిక్కల మీద నీలం నరాలు తేలతాయి. గంటల తరబడి కదలకుండా నిలబడితే కాళ్లలో సిరలు ఉబ్బుతాయని ఏ డాక్టరైనా చెబుతాడు. బాత్రూంకి పోవాలంటే అడగాలి. సెక్షన్ ఖాళీ అవుతుందని, పోయివచ్చేలోపు కస్టమర్ పోతాడని అడగడమే మానేస్తారు. నీళ్లు తాగడం తగ్గిస్తారు. అక్కడి నుంచి మూత్రంలో మంట, ఇన్‌ఫెక్షన్లు, మందుల ఖర్చు. పక్కనే వందల రకాల కుర్చీలు, సోఫాలు అమ్మే దుకాణాల్లో కూడా అమ్మేవాళ్లు నిలబడే ఉంటారు. ఇది రాసేటప్పుడు నవ్వొచ్చే మాటే, అక్కడ నిలబడ్డవాళ్లకు కాదు.

నిలబడితేనే మర్యాద అన్నది మన ఆచారమేం కాదు. వరంగల్ బట్టల బజార్‌లో పాత దుకాణాలు చూసినవాళ్లకు గుర్తుండే ఉంటుంది. లోపల తెల్లటి పరుపు, మీద దుప్పటి. చెప్పులు బయట విడిచి ఎక్కి కూర్చోవాలి. సేటు కూర్చునేవాడు, గుమాస్తా కూర్చునేవాడు, పెళ్లి బట్టలకు వచ్చిన పది మంది కూర్చునేవాళ్లు. గుమాస్తా బాసింపట్టు వేసుకునే తానులు విప్పేవాడు, గజంబద్దతో కొలిచేవాడు, మధ్యలో చాయ్ తాగేవాడు. ఎవరూ దాన్ని బద్ధకం అనలేదు. వ్యాపారమూ తగ్గలేదు. పరుపు పోయి కౌంటర్ వచ్చింది, సీసీ కెమెరా వచ్చింది. కూర్చున్న మనిషి కెమెరాలో పని చేయనట్టు కనిపిస్తాడు గనుక కూర్చోవడం తప్పయింది.

కేరళలో ఈ తప్పును సరిచేయించింది ఆడవాళ్లే. కోళికోడ్‌లోని మిఠాయి తెరువు అనే బజారు వీధి దుకాణాల్లో పనిచేసేవాళ్లు మొదట మరుగుదొడ్ల కోసం, తర్వాత కూర్చునే హక్కు కోసం కొట్లాడారు. అందులో ముందు నిలబడింది విజి అనే దర్జీ మహిళ. 2018లో ఆ రాష్ట్రం దుకాణాల చట్టాన్ని సవరించి, పనివాళ్లు కూర్చునే ఏర్పాటు ఉండాలని రాసింది. 2021లో తమిళనాడు అదే బాట పట్టింది. అక్కడి వ్యాపారాలేం మూతపడలేదు. ఫ్యాక్టరీల్లో నిలబడి పనిచేసేవాళ్లకు కూర్చునే వీలు కల్పించాలని 1948 నాటి ఫ్యాక్టరీల చట్టమే చెప్పింది. మన దుకాణాల చట్టంలోనూ ఆ వాక్యం స్పష్టంగా చేర్చడానికి శాసనసభకు ఒక పూట చాలు.

ఫ్యాక్టరీ అంటే వరంగల్‌కు ఆజంజాహి మిల్లు గుర్తొస్తుంది. 1934లో మొదలైన ఆ మిల్లు 2002లో మూతపడింది. అందులో పనిచేసినవాళ్ల కష్టాలు తక్కువేం కాదు. కానీ షిఫ్టు దిగినవాడికి తన పని అయిపోయిందని తెలుసు. పైన గంట చేస్తే అడగడానికి యూనియన్ ఉంది. ఇవాళ షోరూమ్ ఉద్యోగికి యూనియన్ మాట అటుంచి, చేతిలో నియామక పత్రం కూడా ఉండదు. పది మంది గానీ అంతకు మించి గానీ ఉన్న దుకాణంలో 21,000 రూపాయల దాకా జీతమున్నవాళ్లకు ఈఎస్ఐ, అంటే ఉద్యోగుల వైద్య బీమా ఉండాలి. ఉద్యోగి వాటా జీతంలో ముప్పావు శాతమే, యజమాని వాటా మూడుంపావు. ఈఎస్ఐ కార్డు ఉందా అని అడిగి చూడండి. చాలామంది "అది ఆఫీసోళ్లకు కదా" అంటారు.

అన్నిటికంటే కష్టమైన రోజులు పండుగ రోజులు. పెత్రామాస నాటి ఎంగిలిపూల బతుకమ్మ నుంచి సద్దుల దాకా తొమ్మిది రోజులు, ఆ వెంటనే దసరా. ఆ పది రోజుల అమ్మకాల మీదే షాపు ఏడాది నడుస్తుంది గనుక వారపు సెలవులు బంద్. సీజన్ కోసం కాలేజీ పిల్లలను రోజు కూలికి తీసుకుంటారు. వాళ్లకైతే జీతం చీటీ కూడా ఉండదు. సాయంత్రం వేయిస్తంభాల గుడి దగ్గర, పద్మాక్షి గుట్ట కింద ఆడవాళ్లు చప్పట్లు కొడుతూ తిరుగుతుంటే, వాళ్లు కట్టుకున్న చీరలు మడిచి ఇచ్చిన అమ్మాయిలు అప్పటికింకా కౌంటర్ వెనకే ఉంటారు. షాపులో ఫొటో కోసం ప్లాస్టిక్ పూల బతుకమ్మ పెడతారు. తంగేడు, గునుగు కోసుకొచ్చి ఇంట్లో పేర్చేది తల్లి. నిమజ్జనం అయ్యాక ఈమె ఇంటికి చేరుతుంది. పండుగకు పని చేయవద్దని మేమనడం లేదు. చేసిన పండుగ గంటకు రెట్టింపు కట్టమంటున్నాం, బదులు సెలవు ఇవ్వమంటున్నాం.

యజమానులకు ఇబ్బందులు లేవని కాదు. అద్దెలు పెరిగాయి, ఫోన్లో ఆర్డర్ పెడితే పావుగంటలో సరుకు ఇంటికొచ్చే కాలం వచ్చింది, ఆన్‌లైన్ ధరలతో పోటీ. మొగుడూ పెళ్లాం కలిసి నడుపుకునే కిరాణా కొట్టు మీద పడమని మేం చెప్పడం లేదు. ప్రారంభోత్సవానికి సినిమా తారలను తెచ్చి, పత్రికల్లో ఫుల్ పేజీ ప్రకటనలు ఇచ్చే స్థోమత ఉన్నవాళ్ల గురించే ఈ మాట. ఆ ప్రకటనలు మా పత్రికలోనూ వస్తాయి. మొదటి పేజీలో వాళ్ల ఆఫర్, లోపలి పేజీలో ఈ సంపాదకీయం. ఆ సంగతి పాఠకులు గమనించకముందే ఒప్పుకోవడం మంచిది.

కొనేవాళ్లం మనమూ కొంత మారాలి. తొమ్మిదీ పావుకు లోపలికి దూరి ముప్పై చీరలు విప్పించడం మన హక్కు అనుకుంటున్నాం. "అమ్మాయ్, ఆ పైది తియ్" అని వేలు చూపించేటప్పుడు, ఆమెకు నిచ్చెన ఎక్కడం అది ఎన్నోసారో మనకు తోచదు.

ప్రభుత్వం వెంటనే చేయగలిగింది ఒకటుంది, దానికి కొత్త చట్టం కూడా అక్కర్లేదు. పెద్ద దుకాణాలన్నిటిలో ఇప్పటికే వేలిముద్ర మిషన్లున్నాయి. పొద్దుటి టైము, రాత్రి టైము రెండూ జీతం చీటీ మీద అచ్చు వేయాలని, గంటల మొత్తం, ఓవర్‌టైం మొత్తం వేరుగా చూపాలని ఆదేశిస్తే చాలు. ఆ చీటీ ఫోన్‌కు రావాలి, తెలుగులో రావాలి. తగాదా వస్తే మిషన్ లెక్కే సాక్ష్యం.

కార్మిక శాఖ అధికారులు తనిఖీలకు పోవడం లేదనీ మేం అనం. పోతున్నారు, పగలు పదకొండింటికి. అప్పుడు షోరూమ్ తళతళలాడుతుంటుంది, రిజిస్టర్ సక్రమంగా ఉంటుంది, అందరూ యూనిఫాంలో నవ్వుతూ ఉంటారు. ఈసారి రాత్రి తొమ్మిదిన్నరకు, షట్టర్ సగం దిగాక వంగి లోపలికి వెళ్లండి. చీరల సెక్షన్ మొదటి అంతస్తులో ఉంటుంది. లిఫ్ట్ ఆపేసి ఉంటారు, మెట్లెక్కాలి.