ఆఖరి చుక్క దగ్గరికి పోతే గ్లైడర్ దొరుకుతుందా?

"ఎగిరేది ఏదైనా ఫ్లైట్‌రాడార్‌లో కనిపిస్తుంది. గ్లైడర్ కూలినా ఆఖరి చుక్క దగ్గరికి పోతే చాలు. 2009లో ఈ యాప్ ఉండుంటే వైఎస్ హెలికాప్టర్ అరగంటలో దొరికేది." కర్నూలు వాట్సాప్ గ్రూపుల్లో తెగ తిరుగుతున్న ఫార్వర్డ్ ఇది. ఫ్లైట్‌రాడార్ అంటే ఎగిరే విమానాలను మ్యాపు మీద చుక్కల్లా చూపే యాప్, గ్లైడర్ అంటే ఇంజిన్ లేకుండా గాలి మీద తేలే విమానం. మూడు మాటలున్నాయి, మూడూ నిలబడవు.

మొదటిది. యాప్ దేన్నీ వెతికి పట్టుకోదు, విమానం తనంతట తాను చెప్పుకుంటేనే చూపిస్తుంది. అలా చెప్పే ఏడీఎస్-బీ పరికరం చాలా గ్లైడర్లలో ఉండదు. వాటిలో ఎక్కువగా ఉండేది ఫ్లార్మ్ అనే చిన్న పెట్టె, ఒకదాన్నొకటి గుద్దుకోకుండా 2004లో స్విట్జర్లాండ్‌లో వచ్చింది. దాని సిగ్నల్‌ను నేల మీద ఎవరో ఔత్సాహికులు పెట్టిన రిసీవర్ అందుకోవాలి, మధ్యలో కొండ అడ్డం రాకూడదు. ఓర్వకల్లులో ఎవరైనా మిద్దె మీద యాంటెనా పెట్టారనుకోండి, నల్లమల లోయలో కిందకి పోయేదాని సిగ్నల్ దానికెలా అందుతుంది?

రెండోదే అసలు ప్రమాదకరమైన మాట. ఆఖరి చుక్క అంటే సిగ్నల్ ఆగిన చోటు, గ్లైడర్ పడిన చోటు కాదు. మంచి గ్లైడర్ ఒక మీటరు ఎత్తు తగ్గేలోపు 40 మీటర్లు ముందుకు పోతుంది. కర్నూలు మీద, నేల నుంచి 1,000 మీటర్ల ఎత్తులో సిగ్నల్ పోయిందంటే, గాలి నిలకడగా ఉంటే అక్కణ్నుంచి ఎటైనా 40 కిలోమీటర్లు పోయి ఉండొచ్చు, అంటే వెతకాల్సింది దాదాపు 5,000 చదరపు కిలోమీటర్లు! పైగా చుక్క ఆగిందంటే కూలిందనే కాదు, పైకి లేపే గాలి దొరక్క ఏ శనగ చేలోనో దిగి ట్రాలీ కోసం ఫోన్ చేస్తూ ఉండొచ్చు, గ్లైడర్లకు అది మామూలే.

మరి ఈ పరికరాలు దండగా? కాదు. వెతికేవాళ్లు చుక్కను కాదు, దాని ముందున్న గీతను చూస్తారు: ఎటు తిరిగింది, ఎంత వేగంగా ఎత్తు కోల్పోయింది, ఏ కొండ వైపు పోయింది. ఇంకో సంగతి, చుట్టుపక్కల ఎగురుతున్న వేరే గ్లైడర్ల ఫ్లార్మ్ పెట్టెల్లో కూడా ఆ సిగ్నల్ జాడ రికార్డయి ఉండొచ్చు. ఆ ఫైళ్లు తీస్తే నేల రిసీవర్లకు అందని ముక్క దొరికే అవకాశం ఉంది. అందుకే ఒక గ్లైడర్ కనబడకపోతే మిగతా పైలట్లు ఇంటికి పోకముందే వాళ్ల ఫైళ్లు అడగాలి.

మూడోది, మన జిల్లా మరచిపోలేనిది. సెప్టెంబర్ 2న పొద్దున హెలికాప్టర్‌తో సంబంధాలు తెగిపోయాయి, మరునాడు పొద్దున పావురాలగుట్ట దగ్గర శకలాలు కనబడ్డాయి. ఆ వానలో, ఆ అడవి మీద వెతకడానికి సుఖోయ్ యుద్ధ విమానాలే తిరిగాయి. ఫోన్‌లో యాప్ ఉన్నంత మాత్రాన గుట్టల చాటు సిగ్నల్ ఎవరు అందుకుంటారప్పా? ఏడీఎస్-బీని ఉపగ్రహాలతో ప్రపంచమంతా అందుకునే సేవ 2019లో గానీ మొదలవలేదు.

ప్రమాదంలో దానంతటదే ఉపగ్రహాలకు సంకేతం పంపే 406 మెగాహెర్ట్జ్ బీకన్ ఉంది కదా అంటారు. దాని యాంటెనా విరిగినా కాలినా అంతే సంగతులు. గ్లైడర్ రికార్డుల వీరుడు స్టీవ్ ఫాసెట్ 2007లో చిన్న విమానంలో బయల్దేరి మాయమైతే బీకన్ సంకేతమేదీ అందలేదు, ఏడాది తర్వాత కొండల్లో నడిచిపోతున్న ఒకాయనకు గుర్తింపు కార్డులు దొరికాకే జాడ తెలిసింది.

సాయంత్రమైనా గ్లైడర్ రాలేదని గమనించి ఫోన్ చేసే మనిషి ముందు కావాలి. ఆ ఫోన్‌లో ఫ్లార్మ్ పెట్టె నంబరు, ఆఖరి ఎత్తు, ఆఖరి టైము చెప్పగలిగితే వెతికేవాళ్లకు సగం తిప్పలు తప్పుతాయి.